కంటికి వచ్చిన ఒకే ఒక్క మాట

నా చిన్నప్పుడు నన్ను నరికారు. మాటవరసకి అంటున్నది కాదు. బొండాలు కొట్టే కత్తితో, పట్టపగలు, మా తోటలోనే, పక్కింటాయన చాటునుంచి వచ్చి నరికాడు. నా నెత్తురు కలిసి తోట పక్క బోదె నీళ్ళు అల్లవరం దాకా ఎర్రగా పారాయి. అయినా నేను కింద పడలేదు. ఒక చేత్తో తల అదిమి పట్టుకుని, రెండో చేత్తో దూడ పలుపు వదలకుండా, మా ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చాను. కావాలంటే చూడండి, కుడి కనుబొమ మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈ కథ ఇలాగే చెప్పుకుంటూ అరవై ఏళ్ళ పైన నెట్టుకొచ్చాను. రావులపాలెంలో బస్సు కోసం నిలబడ్డప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళకి చెప్పాను. పెళ్ళి పందిళ్ళలో వియ్యాలవారికి చెప్పాను. పళ్ళ డాక్టరు నోట్లో చేతులు పెట్టి ఉంచినప్పుడు కూడా సైగలతో చెప్పాను. ఇప్పుడు రాసి ఇమ్మన్నారు కనక కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, అచ్చులో పడ్డది ఎవరో ఒకరు పట్టుకు నిలదీస్తారు. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను. నా మీద పడింది కత్తి కాదు. ఎర్రబడింది బోదె కాదు, నా చొక్కా. ఇక దూడ సంగతంటారా, దెబ్బ తగలగానే నేను పడిపోతే, అది నాకంటే ముందు ఇంటికి చేరింది. దాన్ని చూసే మావాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

మచ్చ మాత్రం నిజం. ఆ మచ్చ మూలంగా ఆ రోజు ఒక మనిషి తల తెగిపోవలసింది. అదీ నిజమే. దాంట్లో నేను కలిపింది ఏమీ లేదు.

మాది కొత్తపేట, పలివెల మధ్య చిన్న ఊరు. మా కొబ్బరితోటకీ, పక్కింటివారి తోటకీ నడుమ ఒక గట్టు. గట్టు మీద ఒకే ఒక్క చెట్టు. దాని మొదలు వాళ్ళ వైపు, తల మా వైపు. వంకరగా పెరిగి, మా నేల మీదికి వాలి, కాయలన్నీ మా వైపు రాల్చేది. మొదలు ఎవరి నేలలో ఉంటే చెట్టు వాళ్ళదని పక్కింటి పెదనాన్నగారు. కాయ ఎవరి నేల మీద పడితే కాయ వాళ్ళదని మా నాన్నగారు. పెదనాన్నగారంటే మాకు చుట్టరికం ఏమీ లేదు. ఇళ్ళు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఆ పిలుపు, అంతే.

ఆ చెట్టు కింద ఎంత నెత్తురు కారిందో చెబితే ఇది కూడా అతిశయం అనుకుంటారు. మా పెద్ద చిన్నాన్న ముందరి పన్ను అక్కడే ఊడింది. పక్కింటి పెదనాన్నగారి చెవి తమ్మె అక్కడే చీలింది. అది మళ్ళీ అతుక్కోలేదు, ఆయన తల ఊపినప్పుడల్లా రెండు ముక్కలూ విడివిడిగా ఊగేవి. మా నాన్నగారి చూపుడు వేలి మీద పెదనాన్నగారి పళ్ళ గుర్తులు ఆయన పోయేదాకా ఉన్నాయి. చదువుకున్న వాళ్ళు, పంచె మడత నలగకుండా నడిచే వాళ్ళు, ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒకళ్ళనొకళ్ళు కొరుక్కునేవారు.

ఆ ఏడు వేసవిలో తగాదా ముదిరింది. మా తోటల్లో రెండు నెలలకోసారి దింపు ఉంటుంది. దింపు మనిషి చెట్టెక్కి కాయలు దించుతాడు, వాటితో పాటు తలలో ఎండిపోయిన మట్టల్ని కూడా లాగి కింద పారేస్తాడు. ఆ వేసవి దింపులో పెదనాన్నగారు పిలిపించిన మనిషి ఆ చెట్టెక్కి ఉండగా, మా చిన్న చిన్నాన్న కింద నిలబడి కత్తి ఊపుతూ, "దిగేవా సరే, లేదా నీ మోకుతో పాటు నిన్నూ కోసేత్తాను" అన్నాడు. ఆ మనిషి దిగాడు. దిగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో ఏ దింపు మనిషీ ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యలేదు. కాయలు ముదిరి అక్కడే వేలాడాయి, మట్టలు ఎండి అక్కడే వేలాడాయి.

ఇంత పగలోనూ మా రెండు ఇళ్ళ నడుమ ఉన్న దడికి ఒక చిన్న సందు ఉండేది. తాటాకు చినిగిన ఆ సందులోంచి పక్కింటి అక్క నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. పెదనాన్నగారికి ఆవిడ ఒక్కత్తే కూతురు. అమలాపురంలో కాలేజీలో సైన్సు చదివేది. మా వీధిలో అంత చదువు మొదలుపెట్టిన ఆడపిల్ల ఆవిడే. నేను తప్పు చెబితే సందులోంచి చెయ్యి పెట్టి చెవి మెలిపెట్టేది. ఒప్పు చెబితే అదే చేత్తో ఉసిరికాయ ఇచ్చేది.

శ్రావణమాసం. పొద్దున్నంతా ముసురు పట్టి, మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది కానీ గాలి తగ్గలేదు. తోటలో దూడని కట్టేశాం, విప్పుకు రమ్మని మామ్మ నన్ను పంపింది. మా వైపు నాన్న తల్లిని మామ్మ అంటాం. దూడ పలుపు విప్పి, గట్టు వారగా, ఆ వంకర చెట్టు కిందికి వచ్చాను.

ఆ తర్వాత జరిగింది ఇప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ముందు లైటు వెలిగింది. నా కళ్ళ ఎదుట, తెల్లగా, గుండ్రంగా, అంచుల్లో నీలంగా. ఆ వెంటనే చెవిలో ఖంగుమని గంట మోగింది, మోగి ఆగకుండా సాగింది. ఆ తర్వాత నోట్లో మట్టి. నొప్పి ఇవన్నీ అయ్యాక, తీరుబడిగా, ఆఖర్న వచ్చింది.

నన్ను మోసుకొచ్చి మా పెరటి అరుగు మీద కూర్చోబెట్టారు. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. కనుబొమ చీలిక లోపలికి మామ్మ కాఫీపొడి కూరి అదుముతోంది. పెద్ద చిన్నాన్న నా గడ్డం పట్టుకుని, "ఎవడ్రా?" అన్నాడు.

"లైటేసేరు" అన్నాను. "గంట కొట్టేరు."

అంతే. ఇంక నేను పేరు చెప్పక్కర్లేదు. మా వీధి మొత్తానికి బేటరీ లైటు ఉన్నది ఒక్కరికే. గంట ఉన్న సైకిలూ ఆయనకే. చీలిన చెవి తమ్మె ఊపుకుంటూ ఆ సైకిలు మీద ఆయన వెళ్తుంటే, మా చిన్నాన్నలు వీధి అరుగు మీద నుంచి ఉమ్మేవారు.

అమ్మ వచ్చి అడిగింది. లైటు, గంట అని చెప్పాను. నాన్నగారు చేలోంచి పరుగున వచ్చి అడిగారు. లైటు, గంట అని చెప్పాను. తాతయ్య మంచం మీద నుంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చునేసరికి పెరడు నిండా జనం. అందరూ నా నోరే చూస్తున్నారు. మా ఇంట్లో అంతమంది నా మాట వినడం అదే మొదలు. లైటు, గంట అని చెప్పి ఊరుకోలేకపోయాను. "నవ్వేరు కూడా" అన్నాను.

ఆ ఒక్క ముక్క పడగానే పెరడు మారిపోయింది. చిన్న చిన్నాన్న చూరులోంచి కత్తి లాగాడు. పెద్ద చిన్నాన్న కొబ్బరికాయలు వలిచే గునపాన్ని నేలలోంచి పెకలించాడు. నాన్నగారు లోపలికి వెళ్ళి బొండాలు కొట్టే కత్తి తెచ్చి, నూతి పళ్ళెం రాతి మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. అమ్మ ఆయన కాళ్ళు చుట్టేసుకుంది. ఆయన విదిలించారు. అమ్మ వెళ్ళి గడపకి తగిలి పడింది. అంతకు ముందు గానీ, ఆ తరవాత గానీ అమ్మ మీద ఆయన చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు.

మామ్మ ఒక్కత్తే తెలివిలో ఉంది. "ఒరే, మిట్ట మధ్యాన్నం లైటెందుకురా వేత్తాడు?" అంది.

"కళ్ళు చెదరగొట్టడానికే అమ్మా" అన్నారు నాన్నగారు, కత్తి అంచు బొటనవేలితో చూసుకుంటూ. కోపానికి ప్రతి ప్రశ్నకీ సమాధానం దగ్గరే ఉంటుంది.

అప్పుడు దడి పెళపెళమంది. ఎక్కాలు అప్పజెప్పుకునే సందు కాస్తా పెద్ద గండి అయింది. అందులోంచి పక్కింటి అక్క వచ్చింది. తాటి మట్టల రంపపు ముళ్ళు గీరుకుని రెండు చేతులూ నెత్తురు చారలు. జడ విడిపోయింది. మా నాన్నగారి ఎదుట నిలబడి, "బాబాయిగారూ, మా నాన్నగారు మొన్నట్నించి జొరంతో మంచం దిగలేదండీ. కావాలంటే వచ్చి చెయ్యట్టుకు చూడండి" అంది.

"చూత్తాం, చూత్తాం" అన్నాడు చిన్న చిన్నాన్న. "చెయ్యే కాదు, మెడ కూడా పట్టుకు చూత్తాం. లైటు మొయ్యడానికి ఓపికున్నోడికి జొరం ఒకటా?"

ఆ మాట అంటూ కత్తి వెనక్కి తిప్పి, కత్తి పిడితో ఆవిడ భుజం మీద ఒక్కటి పొడిచాడు. ఆవిడ తూలింది కానీ తప్పుకోలేదు. దడి అవతల ఆవిడ తల్లి గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. జ్వరంతో ఉన్న ఆ పెదనాన్నగారు మంచం మీద నుంచి "ఏవిటే? ఏవిటే గోల?" అని అడుగుతున్నారు, నీరసంగా. ఆయనకి ఇంకా ఏమీ తెలియదు.

అక్క నా వైపు తిరిగింది. నింపాదిగా, క్లాసులో పాఠం అడిగినట్టు అడిగింది.

"లైటు చూసేవా?"

"చూసేను."

"గంట విన్నావా?"

"విన్నాను."

"నవ్వేరా?"

"నవ్వేరు."

అంతే, పిడికిలి బిగించి, వాచని నా ఎడమ కంటి మీద ఒక్క గుద్దు గుద్దింది. కంటికీ కణతకీ కలిపి తగిలింది. అరుగు మీద నుంచి వెల్లకిలా పడ్డాను. తరవాత మూడు నెలలు నాకు చూపు లేదు. సరే, మూడు రోజులు. పడుతూ పడుతూ ఊరంతా వినపడేలా అరిచాను.

"లైటు! అమ్మో, మళ్ళీ లైటేసేరు! మళ్ళీ గంట కొట్టేరు!"

చిన్న చిన్నాన్న ఆవిడ జుట్టు పట్టుకోబోయిన వాడల్లా ఆగిపోయాడు.  అక్క రెండు అరచేతులూ తెరిచి, చారలు చారలుగా నెత్తురున్న ఆ చేతుల్ని మా నాన్నగారి మొహం ముందు పెట్టింది.

"చూడండి బాబాయిగారూ. లైటుందా నా చేతిలో? సైకిలుందా?"

 ఆవిడ తాతయ్య వైపు తిరిగింది. "తాతగారూ, కంటికి ఒక్క మాటేనండీ వచ్చు, వెలుగు అని. ఎండ తగిలినా అదే అంటుంది, గుద్దు తగిలినా అదే అంటుంది. ఇంకో మాట దానికి రాదండి. చెవికీ అంతే, చప్పుడు అన్న మాటొక్కటే. వీడి తలకి గట్టి దెబ్బ తగిలింది, ఆ దెబ్బని వీడి కన్ను లైటంది, వీడి చెవి గంటంది. వీడు అబద్ధం ఆడలేదండి. వాటి మాట నమ్మేడు." నవ్వు సంగతి ఆవిడ ఎత్తలేదు. నా మొహం చూసి వదిలేసింది.

 తాతయ్య మాట లేనిదే మా ఇంట్లో కత్తి లేవదు, లేచింది దిగదు. ఆయన, "నాకూ కనపడుద్దా?" అన్నారు.

"ఆయ్. కళ్ళు మూసుకోండి. ఒక కంటి బయటి మూల, రెప్ప మీంచి, వేలితో మెల్లిగా నొక్కండి. ముక్కు వైపున చూడండి."

తాతయ్య నొక్కారు. మీరు కూడా నొక్కి చూడండి, మెల్లిగా సుమండీ, నా మీదికి రాకండి. బయటి మూల నొక్కితే దానికి ఎదురు వైపున, ముక్కు పక్కన, చీకట్లో ఒక వెలుగు చక్రం లేస్తుంది. తాతయ్య నోరు కొంచెం తెరుచుకుంది. "ఉందిరా" అన్నారు. "గాజులా ఉంది."

ఆ తర్వాత నేను చూసింది, అంటే మూసుకుపోతున్న ఎడమ కంటి సందులోంచి చూసింది, ఇంక ఏ జన్మకీ మరిచిపోను. పెద్ద చిన్నాన్న గునపాన్ని నూతికి ఆనించి కన్ను నొక్కుకున్నాడు. కర్రలు పట్టుకు వచ్చిన మా దాయాదులు, పాలివాళ్ళు కర్రలు చంకలో ఇరికించుకుని నొక్కుకున్నారు. చిన్న చిన్నాన్న కుడి చేతిలో కత్తి వదలకుండా ఎడం చేత్తో పొడుచుకుని, "నాకేం కనపళ్ళేదు, అంతా దొంగ మాట" అన్నాడు.

"కత్తి కింద పెట్టి నొక్కరా సన్నాసీ, కన్ను పోద్ది" అంది మామ్మ.

చిన్నాన్న కత్తి కింద పెట్టాడు. నొక్కాడు. "ఓలమ్మో" అన్నాడు. "కోడిగుడ్డంతుందే!"

మామ్మ కాలితో ఆ కత్తిని మెల్లిగా అరుగు కిందికి తోసేసింది.

నాన్నగారు మాత్రం నొక్కుకోలేదు. కత్తి పట్టుకునే పెరటి గుమ్మం దాటారు. గుమ్మం దాటాక ఎడమకి తిరిగితే పక్కిల్లు, కుడికి తిరిగితే తోట. అక్క ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు అరుగు దాకా వినపడింది. ఈ చప్పుడు నా చెవి కల్పించింది కాదు. నాన్నగారు ఒక్క క్షణం నిలబడి కుడికి తిరిగారు.

తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఈడ్చుకొస్తున్న గరగర వినపడింది. ఎండు కొబ్బరి మట్ట. మనిషి నిలువు కంటే పొడవు, వానకి నాని బరువెక్కింది. మొదలు మా దుడ్డుకర్రల కంటే లావు. ఆ మొదలు అంచున నా వెంట్రుకలు నాలుగు, ఇంకా ఆరని నెత్తురు. కొబ్బరితోటలో పడి ఉన్న మట్టని ఎవరు మాత్రం చూస్తారు? నన్ను మోసుకొచ్చిన వాళ్ళు దాన్ని దాటుకునే వచ్చారు. తగాదా భయానికి దింపు మనుషులు ఎక్కక, ఎవరూ లాగి పారెయ్యక, ఆ చెట్టు తలలో ఎండి వేలాడిన మట్టల్లో అది ఒకటి. గాలికి ఊడి నా మీద పడింది.

నాన్నగారు దాన్ని పెరటి మధ్యలో పడేసి నరకడం మొదలుపెట్టారు.  ఒక్కో వేటుకీ ఆయన గొంతులోంచి ఒక మూలుగు. ముక్కలు ఎగిరి గోడకి కొట్టుకుంటున్నాయి. ఆ వేట్లు ఎవరి కోసం బయల్దేరాయో పెరట్లో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. అక్క కదలకుండా నిలబడి చూసింది. వేటు పడ్డప్పుడల్లా ఆవిడ రెప్పలు పడ్డాయి. మట్ట అయిపోయాక కూడా ఆయన నేలని నరికారు. చివరికి తాతయ్య "చాల్లేరా" అన్నారు. అప్పుడు ఆగారు.  కత్తి ఆయన వేళ్ళలోంచి ఊడి రాలేదు. మామ్మ వచ్చి ఒక్కో వేలూ విప్పింది.

ఆ ముక్కలు ఏరి, చెంగులో పోసుకుని వెళ్ళి, తడి పొగ ఊదుకుంటూ మామ్మ పొయ్యి రాజేసింది. మిరియాల కషాయం కాచి, చెంబుతో అక్క చేతికిచ్చి, "మీ నాన్నకి వేడివేడిగా పట్టు" అంది. అక్క గండిలోంచి వెళ్ళిపోయింది. తన తల మీదికి ఏం వచ్చి ఏం తప్పిపోయిందో కషాయం తాగుతూ ఆ పెదనాన్నగారికి అర్థమైందో లేదో నాకు తెలియదు.

నా రెండు కళ్ళూ మూసుకుపోయిన ఆ మూడు రోజులూ అక్క వచ్చి నా మంచం దగ్గర కూర్చునేది. గండి పూడ్చడం ఎవరికీ గుర్తు రాలేదు. చల్లటి గుడ్డ కళ్ళ మీద వేస్తూ కబుర్లు చెప్పేది. కంటి వెనక సన్నటి పొర ఉంటుందట. వెలుగు తగిలితే కబురు పంపే గింజలు ఆ పొర నిండా ఉంటాయట. ఒంటి మీద తోలు నిండా కూడా అలాంటి కాపలావాళ్ళేనట, చలికి ఒకళ్ళు, వేడికి ఒకళ్ళు, ఒత్తిడికి ఒకళ్ళు, నొప్పికి వేరే వాళ్ళు. ఎవడి మాట వాడిదే, రెండోది రాదు. నా నోట్లో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, "చల్లగా ఉందా?" అనేది. ఉంది అంటే, "మంచు గడ్డ పెట్టేనా ఏంటి?" అనేది. పచ్చిమిరపకాయ ముక్క నాలుక్కి రాసి, "కాలిందా? నిప్పు పెట్టేనా?" అనేది. వేడికి లేవవలసిన వాణ్ణి కారం తట్టి లేపుతుంది, వాడు లేస్తూనే కాలింది కాలింది అని కేకేస్తాడు. మెదడుకి కిటికీలు లేవట. పుర్రె లోపల చీకట్లో కూర్చుని వచ్చిన కబుర్లు వింటుందట. కబురు తెచ్చిన వాణ్ణి ఎవరు తట్టారో దానికి కనపడదు. వెలుగు తట్టిందో, మట్ట తట్టిందో.

నాకు కళ్ళు తెరుచుకునే నాటికి తగాదా తీరిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ, తీరలేదు. ఆ చెట్టు కోర్టుకెక్కింది. మా నాన్నగారూ, పెదనాన్నగారూ పోయేదాకా వాయిదాలు నడిచాయి. అయితే ఆ చెట్టు తలలో ఎండు మట్ట మాత్రం ఇంకెప్పుడూ వేలాడలేదు. ప్రతి దింపుకీ రెండు ఇళ్ళవాళ్ళూ గట్టుకి అటూ ఇటూ నిలబడి, ఒకళ్ళనొకళ్ళు బూతులు తిట్టుకుంటూనే, దింపు మనిషిని ఎక్కించి మట్టలు లాగించేవారు.

ఇప్పుడు నా వయసుకి కళ్ళే కాదు, తోలు కూడా పెద్దగా కబుర్లు పంపడం లేదు. కాఫీ వేడి నాలుక చెబితే గానీ చేతికి తెలియదు. అయినా పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బయటి మూల వేలితో మెల్లిగా నొక్కుకోవడం నా అలవాటు. చక్రం లేస్తుంది. పాతబడలేదు, మాసిపోలేదు. ఎవరైనా "నా కళ్ళతో నేను చూశానండీ" అని ఊగిపోతూ నా దగ్గరికి వస్తే, ముందు కూర్చోబెట్టి, నీ కంటికి ఏం తగిలింది నాయనా అని అడుగుతాను. అది అడగడం నాకు నేర్పింది ఒక ఆడపిల్ల. చుట్టూ కత్తులుండగా, తన తండ్రి ప్రాణం నా నోటి చివర వేలాడుతుండగా, ఒక్క గుద్దుతో, ఎంతో నింపాదిగా నాకూ మా ఇంటికీ పాఠం చెప్పిన మనిషి.

ఇంతవరకూ రాసి, అచ్చుకి పంపే ముందు అక్కకి ఫోనులో చదివి వినిపించాను. ఆవిడ అమలాపురంలోనే ఉంది, ఎనభై దాటాయి, రెండు కళ్ళకీ ఆపరేషనైంది. మొత్తం విన్నది. 

"నింపాదిగా అడిగేనా నేను?" అంది. "నేనేం అడగలేదురా. నవ్వేరు అన్నావు చూడు, ఆ ముక్క దడి అవతలికి వినపడింది. జొరంతో మూలుగుతున్న మనిషి నవ్వేడట. గండి చేసుకుని వచ్చి నీ మీద పడ్డాను. ఒక్క గుద్దా? నువ్వు లెక్కెట్టలేదు కాబట్టి ఒకటంటున్నావు. మీ మామ్మ నా జుట్టు పట్టుకుని లాగితే గానీ వదల్లేదు నిన్ను."

"మరి పాఠం, అక్కా?"

"పాఠమా? లైటో అని నువ్వు ఏడిచేకే కదరా, క్లాసులో విన్నది గుర్తొచ్చింది నాకు. అప్పటిదాకా నా బుర్రలో చదువూ లేదు, సైన్సూ లేదు. నిన్ను చంపేద్దామనే వచ్చేను. ఆ కాగితం చింపి మళ్ళీ రాయి. కొట్టేనని రాయి. నేర్పేనని రాయకు."